‘ఏం చూసుకుని బతకాలి?’: జీవితానికి అర్థం గురించి తొంభై ఏళ్ల పరిశోధన ఏం చెబుతోంది

1931 చలికాలం. ఆస్ట్రియాలోని మారియెంతాల్ అనే చిన్న ఊళ్లో కొందరు పరిశోధకులు ఒక కిటికీ వెనక నిలబడి, చేతిలో గడియారం పెట్టుకుని, వీధిలో వెళ్లేవాళ్లను గమనించారు. ఎవరు ఎంత వేగంగా నడుస్తున్నారు, దారిలో ఎన్నిసార్లు ఆగుతున్నారు అన్నదే వాళ్ల లెక్క. మగవాళ్లలో దాదాపు మూడింట రెండొంతుల మంది కనీసం రెండుసార్లు ఆగారు. ఎక్కడా ఆగకుండా వీధి చివరిదాకా వెళ్లినవాళ్లు పదిమందిలో ఒక్కరే. ఆడవాళ్లు మాత్రం చాలా తక్కువసార్లు ఆగారు.

ఊరంతటికీ పని ఇచ్చిన బట్టల మిల్లు 1929-30లో మూతపడింది. అక్కడి 478 కుటుంబాల్లో చాలావాటిలో పనికి వెళ్లే మనిషి ఒక్కరూ మిగల్లేదు. కొన్నాళ్లు వచ్చిన నిరుద్యోగ భృతి తిండికే చాలేది కాదు. మేరీ జహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ నడిపించిన పరిశోధక బృందం ఆ ఊరికి వెళ్లి ఇళ్లలో ఏం వండుకుంటున్నారో, రోజు ఎలా గడుస్తోందో, పిల్లలు పండక్కి ఏం కోరుకుంటున్నారో అన్నీ రాసుకుంది. ఆ పుస్తకం 1933లో వచ్చింది.

ఆకలి గురించి అందరూ ఊహించగలరు. పరిశోధకులు ఊహించనిది గ్రంథాలయంలో కనిపించింది. మిల్లు నడిచే రోజుల్లో పుస్తకాలు తీసుకోవడానికి రుసుము కట్టాల్సి వచ్చేది. తర్వాత దాన్ని ఎత్తేశారు. చదువుకోవడానికి రోజంతా ఖాళీ. అయినా రెండేళ్లలో ఇంటికి తీసుకెళ్లే పుస్తకాల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. గంటగంటకూ ఏం చేశారో కాగితం మీద రాసివ్వమంటే, మగవాళ్లు పొద్దున్నించి మధ్యాహ్నం దాకా ఏం చేశారో చెప్పలేకపోయారు. చేతికి గడియారం పెట్టుకోవడం కూడా చాలామంది మానేశారు.

ఖాళీ సమయం ఎంత ఉంటే మనిషి అంత స్వేచ్ఛగా ఉంటాడన్న నమ్మకాన్ని మారియెంతాల్ తలకిందులు చేసింది. ఎవరూ ఎదురుచూడని మనిషికి సమయం ఆస్తి కాదు, బరువు. జీవితానికి అర్థం, ప్రయోజనం గురించి తర్వాత తొంభై ఏళ్లలో జరిగిన పరిశోధనలో నిలబడినదంతా ఏదో ఒక దారిలో ఈ సంగతి దగ్గరికే వచ్చి చేరుతుంది.

ఆకలి పోలేదు, దిగులు పోయింది

మారియెంతాల్‌కు కొద్ది దూరంలోనే వియన్నా నగరం. అవే సంవత్సరాల్లో అక్కడ విక్టర్ ఫ్రాంకల్ అనే యువ వైద్యుడు, యువత కోసం ఉచిత సలహా కేంద్రాలు నడిపిన అనుభవంతో, నిరుద్యోగుల మానసిక స్థితి గురించి రాస్తున్నాడు. ఆయన దగ్గరికి వచ్చిన కుర్రాళ్లు ఒక సమీకరణంలో ఇరుక్కుని ఉండేవారు. పని లేదంటే పనికిరానివాడినే, పనికిరానివాడి బతుకుకు అర్థమేముంది అని. ఫ్రాంకల్ వాళ్లకు ఉద్యోగం ఇప్పించలేడు. గ్రంథాలయాల్లో, యువజన సంఘాల్లో, వయోజన విద్యా కేంద్రాల్లో జీతం లేని పని చేయమని పంపేవాడు. జేబు ఖాళీగానే ఉంది, కడుపు కాలుతూనే ఉంది, కానీ చాలామందిలో దిగులు తగ్గిందని ఆయన గమనించాడు.

ఫ్రాంకల్ గురించి చెప్పేటప్పుడు సాధారణంగా కథను నాజీ నిర్బంధ శిబిరాల నుంచి మొదలుపెడతారు. అక్కడి నరకమే ఆయనకు సిద్ధాంతాన్ని ఇచ్చిందన్నట్టు చెబుతారు. అది సగమే నిజం. 1942లో తెరేజీన్‌స్టాట్‌కు, 1944లో ఆష్విట్జ్‌కు పంపేనాటికే ఆయన సిద్ధాంతం రాతప్రతి రూపంలో ఉంది. ఆ ప్రతి ఆష్విట్జ్‌లో పోయింది. తండ్రి, తల్లి, అన్న, భార్య అందరూ శిబిరాల్లోనే పోయారు. 1945లో విడుదలయ్యాక తొమ్మిది రోజుల్లో చెప్పి రాయించిన పుస్తకం మరుసటి ఏడాది జర్మన్‌లో వచ్చింది, తర్వాత ఇంగ్లిష్‌లో ‘మ్యాన్స్ సెర్చ్ ఫర్ మీనింగ్’ పేరుతో ప్రపంచమంతా చదివింది.

ఆ పుస్తకంలో ఒక ముఖ్యమైన ఘట్టం ఉంది. బతకడం మీద ఆశ వదులుకున్న ఇద్దరు ఖైదీలు ఫ్రాంకల్ దగ్గర మాట్లాడతారు. జీవితం నుంచి మాకిక వచ్చేదేమీ లేదంటారు. ఫ్రాంకల్ ప్రశ్నను తిరగేస్తాడు. మీ నుంచి ఇంకా రావాల్సింది ఏదైనా ఉందా అని. ఒకరికి పరదేశంలో బిడ్డ ఎదురుచూస్తున్నాడు. రెండోవాడు శాస్త్రవేత్త, ఆయన మొదలుపెట్టిన పుస్తకాల వరుసను పూర్తి చేయగలిగినవాళ్లు మరొకరు లేరు.

వ్యక్తిత్వ వికాస ప్రసంగాల్లో ఫ్రాంకల్ పేరు రోజూ వినిపిస్తుంది. మనసులో గట్టి లక్ష్యం ఉన్నవాడు ఎలాంటి కష్టాన్నైనా దాటేస్తాడన్నదే అక్కడి సారాంశం. కానీ ఫ్రాంకల్ అలా చెప్పలేదు. ప్రాణాలతో బయటపడటంలో అదృష్టం పాత్ర ఎంతో ఆయన దాచలేదు, తిరిగిరానివాళ్లు తక్కువవాళ్లని ఎక్కడా అనలేదు. బాధలో అర్థం వెతుక్కోవచ్చన్నది తప్పించుకోలేని బాధ విషయంలోనే. తప్పించగల బాధను తప్పించడమే చేయాల్సిన పని అని స్పష్టంగా రాశాడు. ఈ రెండో మాట వేదికల మీద ఎందుకో వినిపించదు.

వెతకడం వేరు, ఉండటం వేరు

అర్థం అనేదాన్ని కొలవడం సాధ్యమా? 1964లోనే క్రంబా, మహోలిక్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ఫ్రాంకల్ ఆలోచనల ఆధారంగా ఒక ప్రశ్నావళి తయారు చేశారు. ఇప్పుడు ఎక్కువగా వాడేది మైకేల్ స్టెగర్ బృందం 2006లో ప్రచురించిన పది ప్రశ్నల జాబితా. అందులో ఐదు ప్రశ్నలు నా బతుక్కి ఒక అర్థం ఉందనిపిస్తోందా అని అడుగుతాయి. మిగతా ఐదు దానికోసం వెతుకుతున్నారా అని.

ఈ రెండూ ఒకే తక్కెడకు రెండు వైపులని చాలామంది అనుకుంటారు. దొరికినవాడు వెతకడు, వెతికేవాడికి దొరకలేదు అని. అమెరికాలో లెక్కలు కొంతవరకు అలాగే వచ్చాయి. ఎక్కువగా వెతుకుతున్నవాళ్లలో అర్థం ఉందన్న భావన తక్కువ. కానీ 2008లో స్టెగర్ జపాన్ పరిశోధకులతో కలిసి అక్కడి విద్యార్థులను అడిగితే లెక్క మారింది. జపాన్‌లో వెతుకులాట, అర్థం ఉందన్న భావన పక్కపక్కనే నడిచాయి. వెతకడాన్ని లోటుగా చూసే సమాజం ఒకటి, సాధనగా చూసే సమాజం మరొకటి. భారతీయులు ఏ వైపు ఉంటారన్నది ఆసక్తికరమైన ప్రశ్న. ఊరూరా సత్సంగం ఉన్న చోట వెతుకులాట లోటు కాకపోవచ్చు. ఇరవై ఐదేళ్లకల్లా ‘సెటిల్’ కావాలనే ఇళ్లలో మాత్రం అది లోటే.

అర్థం అంటే ఏమిటన్న దగ్గర కూడా పరిశోధకులు మూడు పోగులు విడదీస్తారు. జీవితంలో జరిగినవి ఒక కథలా అతుకుతున్నాయా అన్నది ఒకటి. ముందు చేరాల్సిన చోటు ఒకటి ఉందా అన్నది రెండు. నేను ఉన్నా లేకపోయినా తేడా ఉంటుందా అన్నది మూడు. లక్ష్యాల గురించిన పుస్తకాలన్నీ రెండోదాని చుట్టూ తిరుగుతాయి. మనుషుల్ని ఎక్కువగా కుంగదీసేది మాత్రం మూడోదే.

తెలుగులో ఈ సంగతి భాషలోనే దాగి ఉంది. ‘జీవితానికి అర్థం’ పుస్తకాల మాట. పైగా అర్థం అంటే భావమూ, ప్రయోజనమూ, డబ్బూ కూడా. పురుషార్థాల్లో అర్థమంటే సంపదే. ఇంట్లో మాట వేరు. ‘ఇంక ఏం చూసుకుని బతకాలి’, ‘ఎవరి కోసం బతకాలి’, ‘వాడి మొహం చూసుకుని బతుకుతున్నాను’. ఈ వాక్యాల్లో లక్ష్యం లేదు, ప్రణాళిక లేదు. ఉన్నది ఒక మనిషి.

ఇకిగాయ్: అసలుది, వాట్సాప్‌లోది

ఈ మధ్య తెలుగువాళ్ల ఫోన్లలో కూడా తిరుగుతున్న బొమ్మ ఒకటుంది. నాలుగు వృత్తాలు. మీకు ఇష్టమైనది, మీరు బాగా చేయగలిగేది, లోకానికి కావాల్సింది, డబ్బు వచ్చేది. నాలుగూ కలిసే చోట ‘ఇకిగాయ్’ అని రాసి ఉంటుంది, జపనీయుల దీర్ఘాయుష్షు రహస్యం ఇదేనన్న వ్యాఖ్యతో. ఆ బొమ్మకు జపాన్‌తో సంబంధం లేదు. అది స్పెయిన్‌కు చెందిన ఆండ్రెస్ జుజునాగా గీసినది, మధ్యలో మొదట ఉన్నది ‘ప్రయోజనం’ అన్న మాట. 2014లో మార్క్ విన్ అనే బ్లాగర్ ఆ మాట తీసి ఇకిగాయ్ అని పెట్టారు. లోకం దాన్నే నమ్మింది.

జపనీస్‌లో ఇకిగాయ్ అంటే బతకడానికి తగిన విలువ. అది మనవరాలు కావచ్చు, పెరట్లో మొక్క కావచ్చు, పొద్దున్నే తాగే టీ కావచ్చు. డబ్బు రావాలన్న షరతు లేదు. ఈ మాట మీద తీవ్రంగా ఆలోచించిన వ్యక్తి మియెకో కమియా అనే మనోవైద్యురాలు. సముద్రంలో ఒక దీవి మీద, కుష్ఠు రోగుల్ని సమాజం నుంచి విడదీసి ఉంచిన నగాషిమా ఆశ్రమంలో ఆమె ఏళ్ల తరబడి పనిచేశారు. ఒకే జబ్బు, ఒకే గోడలు. అయినా కొందరికి బతుకు శూన్యం, మరికొందరికి నిండుగా ఉంది. ఈ తేడా ఎక్కడిదన్న ప్రశ్నతో 1966లో ఆమె ఇకిగాయ్ గురించి రాసిన పుస్తకం జపాన్‌లో ఇప్పటికీ చదువుతున్నారు.

ఆయుష్షు సంగతికి కొంత ఆధారం ఉంది. మియాగి రాష్ట్రంలోని ఒసాకి ప్రాంతంలో 43,391 మందిని ‘మీ జీవితంలో ఇకిగాయ్ ఉందా’ అని అడిగి, ఏడేళ్ల పాటు గమనించి, 2008లో ఫలితాలు ప్రచురించారు. ఉందన్నవాళ్లతో పోలిస్తే లేదన్నవాళ్లలో మరణాలు దాదాపు ఒకటిన్నర రెట్లు. వయసు, పొగ తాగే అలవాటు, పాత జబ్బులు వంటివి లెక్కలోకి తీసుకున్నాక కూడా తేడా మిగిలింది. అమెరికాలో పద్నాలుగేళ్లు నడిచిన ఒక అధ్యయనం (2014) కూడా జీవితానికి ప్రయోజనం ఉందన్నవాళ్లు ఎక్కువ కాలం బతికారని తేల్చింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆరోగ్యం లోలోపల దెబ్బతింటున్న మనిషికి ముందు పోయేది ఉత్సాహమే. ‘ఇకిగాయ్ లేదు’ అన్న జవాబు కొన్నిసార్లు జబ్బుకు కారణం కాక, జబ్బు మొదటి లక్షణం కావచ్చు. ఇలాంటి అధ్యయనాలు ఆ అనుమానాన్ని పూర్తిగా తీర్చలేవు. దీనికి ఆచరణలో ఒక పర్యవసానం కూడా ఉంది. నిద్ర, ఆకలి తప్పి, వారాల తరబడి ఏదీ పట్టనట్టు ఉంటే అది తాత్విక ప్రశ్న కాకపోవచ్చు, వైద్యం ఉన్న డిప్రెషన్ కావచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ సహాయ కేంద్రానికి 14416 నంబరులో తెలుగులోనూ మాట్లాడవచ్చు.

అశోక్‌నగర్ గదుల్లో

మారియెంతాల్ గ్రంథాలయం ఖాళీ అయితే, హైదరాబాద్‌లోని చిక్కడపల్లి గ్రంథాలయం కిటకిటలాడుతుంది. పక్కనే ఉన్న అశోక్‌నగర్‌లో, ఢిల్లీ ముఖర్జీనగర్‌లో, ప్రయాగ్‌రాజ్‌లో లక్షలాది నిరుద్యోగులు ఇరుకు గదుల్లో పొద్దున్నే లేచి కాలపట్టిక ప్రకారం చదువుతారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఇన్‌స్టిట్యూట్ ఫర్ హ్యూమన్ డెవలప్‌మెంట్ కలిసి 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022 నాటికి దేశంలోని నిరుద్యోగుల్లో మూడింట రెండొంతుల మంది చదువుకున్న యువతే.

వాళ్ల గడియారం ఎందుకు ఆగలేదు? పరీక్ష తేదీ ఉంది కాబట్టి. మేరీ జహోడా తర్వాతి కాలంలో, 1982లో, ఉద్యోగం జీతం కాక ఇంకేం ఇస్తుందో విడమరిచి చెప్పారు. రోజుకు ఒక క్రమం, ఇంటి బయటి మనుషులతో పరిచయం, నలుగురితో కలిసి చేసే పని, సమాజంలో ఒక గుర్తింపు, చేతినిండా పని. పోటీ పరీక్షల లోకం ఉద్యోగం ఇవ్వకుండానే వీటిలో చాలావాటిని అప్పుగా ఇస్తుంది. ‘ఏం చేస్తున్నావు’ అంటే ‘గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్నా’ అన్న జవాబు ఒక చిరునామా.

అప్పు తీర్చాల్సిన రోజు కూడా వస్తుంది. తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబరులో జరిగింది. పేపర్ లీకేజీతో 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ పెట్టిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో కొత్త నోటిఫికేషన్, జూన్‌లో మూడోసారి ప్రిలిమ్స్. తర్వాత కూడా వివాదాలు కోర్టుల్లో నడిచాయి. ఈ తేదీల్ని పరిపాలనా వైఫల్యంగా చర్చించడం సహజం. కానీ ఆ గదుల్లో ఉన్నవాళ్లకు రద్దయింది పరీక్ష ఒక్కటే కాదు, పొద్దున్నే లేవడానికి ఉన్న కారణం కూడా. అలాంటివాళ్లకు ‘లక్ష్యాన్ని బలంగా నమ్ము’ అని చెప్పడం క్రూరంగా ఉంటుంది. లక్ష్యాన్ని వాళ్లు వదల్లేదు, అదే జరిగిపోయింది.

గౌరవ వేతనం అనే మాట

అర్థం ఉన్న పని మనిషికి మంచిదైతే, ఆ అర్థాన్నే జీతంలో కోత పెట్టడానికి వాడుకోవచ్చు కూడా. 2009లో అమెరికన్ పరిశోధకులు బండర్సన్, థాంప్సన్ జూ పార్కుల్లో జంతువుల్ని చూసుకునేవాళ్ల మీద చేసిన అధ్యయనం దీన్నే చూపింది. ఇది మా జన్మకు రాసిపెట్టిన పని అనుకున్నవాళ్లకు తృప్తి ఎక్కువ. తక్కువ జీతానికి, వేళకాని వేళ పనికి ఒప్పుకునేదీ వాళ్లే. ఆ పరిశోధకులు దాన్ని రెండువైపులా పదునున్న కత్తి అన్నారు.

మన దేశంలో ఆ కత్తి ఎవరి మెడ మీద ఉందో చెప్పక్కర్లేదు. పది లక్షలకు పైగా ఉన్న ఆశా కార్యకర్తలకు 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పురస్కారం ఇచ్చింది. అధికారిక లెక్కలో వాళ్లు ఉద్యోగులు కాదు, స్వచ్ఛంద సేవకులు. ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ కార్యకర్తలు 2023 డిసెంబరు నుంచి 42 రోజులు సమ్మె చేసినప్పుడు ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. అంటే ఆ పని అత్యవసర సేవ అని ఒప్పుకున్నట్టే. దానికిచ్చేది మాత్రం గౌరవ వేతనం. గౌరవం, వేతనం ఒకే మాటలో ఇమిడిపోయి, రెండోది సన్నబడిపోయిన పదం అది. ఊళ్లో ఏ ఇంట్లో గర్భిణి ఉందో, ఏ పిల్లాడి బరువు తగ్గుతోందో తెలిసిన ఆ కార్యకర్తలకు తమ పనికి అర్థం ఉందని ఎవరూ ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు.

2014లో షిగెహిరో ఒయిషి, ఎడ్ డీనర్ 132 దేశాల సర్వేను విశ్లేషించి, పేద దేశాల్లోనే ఎక్కువమంది తమ జీవితానికి అర్థం ఉందంటున్నారని చెప్పారు. మత విశ్వాసం అందుకు పెద్ద కారణంగా తేలింది. ఇక్కడివాళ్లు దీన్ని చూసి మురిసిపోయే ముందు అదే సర్వేలో ఇంకో ఫలితం కూడా చదవాలి. జీవితంతో తృప్తిగా ఉన్నారా అన్న ప్రశ్నకు పేద దేశాల జవాబు లేదనే. బతుక్కి అర్థం ఉండటం వేరు, బతుకు బాగుండటం వేరు.

జులై 1 ఉదయం

ప్రభుత్వ ఉద్యోగుల్లో చాలామంది జూన్ 30న రిటైరవుతారు. బడిలో వేసేటప్పుడు మాస్టారు తోచిన పుట్టినతేదీ రాసిన తరం అది. ఆ సాయంత్రం శాలువా, పూలదండ, ఫొటో, కారులో ఇంటిదాకా ఊరేగింపు. మర్నాడు ఫోన్ మోగదు. ఆంధ్రప్రదేశ్ 2022లో పదవీ విరమణ వయసును 62కు, తెలంగాణ అంతకు ఏడాది ముందు 61కి పెంచాయి. అప్పటి చర్చంతా ఖజానా గురించీ, కొత్త ఉద్యోగాల గురించీ. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023 నివేదిక ప్రకారం అరవై దాటినవాళ్లు 2022లో దేశ జనాభాలో 10.5 శాతం. 2050 నాటికి 20.8 శాతం, అంటే 34 కోట్లకు పైగా అవుతారు. వాళ్లలో పింఛను వచ్చేవాళ్లు కొద్దిమందే. ఎక్కువమంది ఒళ్లు సహకరించినంత కాలం పనిచేస్తూనే ఉంటారు. వాళ్లది ఖాళీ సమస్య కాదు.

పింఛను ఉన్న ఇళ్లలో మాత్రం మారియెంతాల్ వీధి మళ్లీ కనిపిస్తుంది. ఆయన పేపరు రెండోసారి చదువుతాడు. గుడిదాకా వెళ్తూ దారిలో నాలుగుచోట్ల ఆగుతాడు. పొద్దున ఏం చేశారని ఎవరైనా అడిగితే చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఆవిడ నడక మారదు. 2024 జాతీయ సమయ వినియోగ సర్వేలో 15 నుంచి 59 ఏళ్ల మహిళలు జీతం లేని ఇంటిపనికి రోజుకు పెడుతున్న సమయం దాదాపు 305 నిమిషాలు. అరవై నిండాక ఆ పని ఆగే తేదీ ఏ జీవోలోనూ లేదు. మారియెంతాల్ ఆడవాళ్ల వేగాన్ని మెచ్చుకోకుండా, దానికి కారణం రాశారు జహోడా బృందం. వాళ్లకు పని పోలేదు. మునుపటికన్నా తక్కువ డబ్బుతో అదే ఇల్లు నడపాల్సి వచ్చింది, కూలి మాత్రం ఎప్పుడూ లేదు. మిల్లు నడిచినన్నాళ్లూ మిల్లుకు వెళ్లి, వచ్చి అర్ధరాత్రి దాకా ఇంటిపని చేసుకున్న ఆడవాళ్లు కూడా, డబ్బు కోసం ఒక్కటే కాదు, మళ్లీ మిల్లుకు వెళ్లాలని ఉందని పరిశోధకులతో చెప్పారు.